మోకాలు నేర్పిన పాఠము

గత విద్యాసంవత్సరంలో జరిగిన అంతర్ కళాశాలల కబడ్డీ పోటీలలో మన జట్టు మిత్రుడొకడు కూతకు వెళ్ళి, ఎదుటివారి పట్టు తప్పించుకొని, మధ్యగీత వైపు చటుక్కున తిరగబోయి కూలబడినాడు. ఆ క్షణంలో అతనిని ఎవరూ తాకలేదు. మోకాలిలో ఏదో ‘టప్’మని తెగినట్లు వినిపించినదని అతడు చెప్పినాడు. రెండు గంటలు గడవకముందే మోకాలు వాచి గుండ్రమైనది. నూనె మర్దన జరిగినది, కట్టు కట్టినారు. మూడు వారాలకు వాపు తగ్గి, నడక కుదిరి, అతడు మైదానానికి వచ్చినప్పుడు ‘ఇంకేమి, తగ్గిపోయినది గదా, దిగు’ అని ప్రోత్సహించిన వారిలో మేమూ ఉన్నాము. అతడు దిగినాడు. రెండవ కూతలోనే మోకాలు మరల జారినది. ఈసారి లోపలి మెత్త కూడ చిరిగినదని ఎముకల వైద్యులు చెప్పినారు.

ఆ మాట మేము తెలియక అన్నదే. అయినను తెలియకపోవుటను సాకుగా చెప్పుకొనుటకు మనసొప్పక, మోకాలిని గూర్చి చదవసాగినాము. చదివినకొద్దీ మా దృష్టి ఆస్ట్రేలియా దేశపు ఫుట్‌బాల్ వైపు మరలినది. మోకాలికి అంతటి కఠిన పరీక్ష పెట్టే ఆటలు కొద్ది. ఆ పరీక్షలో దెబ్బతిన్నవారిని గూర్చి అంత ఓపికగా లెక్కలు వ్రాసి ఉంచుకొన్నవారు మరీ కొద్ది. ఆ దేశపు వృత్తిక్రీడాకారుల లీగు 1992లో అన్ని క్లబ్బుల నుండి గాయాల వివరాలను ఒక పద్ధతి ప్రకారం సేకరించుట ప్రారంభించి, దశాబ్దాల పాటు వార్షిక నివేదికలుగా వెలువరించినది. ఆ అనుభవసారాన్ని విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఆట తీరు

ఫుట్‌బాల్ అనగానే మనకు గుండ్రని బంతి, దానిని చేతితో తాకరాదనే నియమము గుర్తుకు వస్తాయి. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అది కాదు. దీని తొలి నియమాలను 1859లో మెల్‌బోర్న్ నగరంలో వ్రాసినారు. మైదానము కోడిగ్రుడ్డు ఆకారంలో ఉంటుంది. దాని పొడవు 135 నుండి 185 మీటర్ల వరకు ఉండవచ్చును. బంతి కూడ కోలగానే ఉంటుంది. పురుషుల ఆటలో ఒక్కొక్క జట్టు నుండి 18 మంది మైదానంలో నిలుస్తారు. బంతిని తన్నవచ్చును, పట్టుకొనవచ్చును, ఒక అరచేతిలో ఉంచి రెండవ చేతి పిడికిలితో గుద్ది తోటివానికి అందించవచ్చును. నడిమి రెండు ఎత్తైన స్తంభాల మధ్యగా తన్నినచో 6 పాయింట్లు, ప్రక్కనున్న పొట్టి స్తంభాల సందున పోయినచో 1 పాయింటు లభిస్తాయి.

ఈ ఆటకు, మన ప్రాంతానికి ఒక చిన్న సంబంధము కూడ కలదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు నాల్గవ స్థానము పొందిన సంగతి మన పెద్దలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకొంటారు. సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉండినారు. మనవారు సెమీఫైనల్ ఆడిన మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలోనే, ఆ ఒలింపిక్స్ సందర్భంగా, ఈ ఆస్ట్రేలియా ఆటను ప్రదర్శన క్రీడగా ఆడి లోకానికి చూపినారు.

ఈ ఆటలో ఆఫ్‌సైడ్ నియమము లేదు. అందుచేత ప్రత్యర్థి ఏ దిక్కునుండి అయినా రావచ్చును. ఆటగాడు ఒక మ్యాచ్‌లో 12 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుట సాధారణము. ఆ పరుగు తిన్నని పరుగు కాదు. ఆగుట, మళ్ళుట, ఎదుటివాని భుజాల ఎత్తుకు ఎగిరి బంతి పట్టుట, ఒంటికాలిపై నేలకు దిగుట, దిగినవెంటనే మరొక దిక్కుకు తిరుగుట ఇందులో అడుగడుగునా ఉంటాయి. ఇవన్నీ మోకాలికి ఇష్టము లేని పనులే.

మోకాలి నిర్మాణము

మోకాలు తలుపు బందువలె ముడుచుకొని చాచుకొనే కీలు. పైన తొడ ఎముక, క్రింద జంఘిక, ముందు మోకాలి చిప్ప ఉంటాయి. ఎముకల ఆకారము వలన ఈ కీలుకు లభించే పట్టు చాల తక్కువ. దానిని పట్టి ఉంచేవి సంధిబంధనాలు. ప్రక్కల రెండు, కీలు నడిమధ్యన రెండు ఉంటాయి. నడిమివి ఒకదానినొకటి కత్తెరవలె దాటుతూ పోతాయి. వానిలో ముందుదానిని వైద్యులు యాంటీరియర్ క్రూసియేట్ లిగమెంట్ అని, క్లుప్తంగా ఏ.సి.ఎల్. అని అంటారు. జంఘిక ముందుకు జారిపోకుండా, మోకాలు మెలితిరగకుండా కాపాడుట దీని పని. వెనుకనున్న రెండవ బంధనము జంఘిక వెనుకకు పోకుండా కాపాడుతుంది. ఎముకల నడుమ నెలవంక ఆకారంలో రెండు మృదులాస్థి మెత్తలు ఉండి శరీరపు బరువును పంచుకొంటాయి.

ఏ.సి.ఎల్. తెగుటకు ఎవరైనను ఢీకొనవలెనని అనుకొనుట పొరపాటు. చాలసార్లు అది ఎవరి తాకిడీ లేకుండానే తెగుతుంది. పాదము నేలలో నాటుకొని ఉండగా, మోకాలు దాదాపు తిన్నగా ఉండగా, దేహము ప్రక్కకు తిరుగుతుంది. తొడ ఎముక ఒక దిక్కుకు, జంఘిక మరొక దిక్కుకు పోతాయి. కనురెప్ప పాటులో బంధనము తెగిపోతుంది. కీలులో రక్తము స్రవించుట వలన కొద్ది గంటలలోనే వాపు వస్తుంది.

ఇక మమ్మును మోసపుచ్చిన విషయము ఇది. కొన్ని వారాలలో వాపు తీస్తుంది, నొప్పి పోతుంది. తిన్నగా నడచుటకు, మెట్లెక్కుటకు ఈ బంధనముతో అంతగా పని ఉండదు. కనుక గాయము మానినదని భ్రమ కలుగుతుంది. చటుక్కున తిరిగిన నాడే అసలు సంగతి బయటపడుతుంది. అట్లు మోకాలు జారిన ప్రతిసారీ నెలవంక మెత్తలు నలిగి చిరుగుతాయి. మెత్తలు పోయిన మోకాలు నడివయస్సు రాకమునుపే అరిగిపోయే ప్రమాదము కలదు.

పాత రోజుల వీరులు

ఎసెండన్ జట్టుకు చెందిన జాన్ కోల్మన్ 1949లో తన మొదటి మ్యాచ్‌లోనే 12 గోల్స్ కొట్టినారు. 98 మ్యాచ్‌లలో 537 గోల్స్ సాధించినారు. 1954లో నార్త్ మెల్‌బోర్న్ జట్టుతో ఆడుతూ క్రిందపడగా మోకాలు తొలగినది. అప్పటికి ఆయన వయస్సు 25 సంవత్సరాలు. మరల ఆడుటకు ప్రయత్నించినారు గాని మోకాలు సహకరించలేదు. తరువాత శిక్షకుడై 1962లోను, 1965లోను అదే జట్టును విజేతగా నిలిపినారు. నేటికీ లీగులో అత్యధిక గోల్స్ కొట్టినవారికి ఇచ్చే పతకము ఆయన పేరిటనే ఉన్నది. ఆ పతకాన్ని చూచినవారు ఆయన గోల్స్‌ను తలచుకొంటారు. ఆయన ఆడలేకపోయిన సంవత్సరాలను గూర్చి కూడ తలచుకొనవలెనని మాకు తోచినది.

హాథార్న్ జట్టువారైన పీటర్ హడ్సన్ 1971లో ఒకే సీజనులో 150 గోల్స్ కొట్టి, 1934లో బాబ్ ప్రాట్ నెలకొల్పిన రికార్డును అందుకొన్నారు. మరుసటి సంవత్సరము మొదటి మ్యాచ్‌లో సగము ఆట ముగియకముందే 8 గోల్స్ కొట్టి, మోకాలు దెబ్బతిని వెళ్ళిపోయినారు. 1973లో హెలికాప్టరులో వచ్చి ఒక్క మ్యాచ్ ఆడి మరల 8 గోల్స్ కొట్టినారు. అందరూ ఆశ్చర్యపడినారు. కాని ఆయన పూర్తి సీజను ఆడగలిగినది 1977లో మాత్రమే. ఆ ఏడు 110 గోల్స్ కొట్టినారు. ఒక్కనాటి ఆటకు సాహసము సరిపోవచ్చును గాని, ఒక సీజను ఆడుటకు మోకాలు నిలువవలెను గదా.

శస్త్రచికిత్స, ఆపైన

తెగిన ఏ.సి.ఎల్.ను సూదీ దారముతో కుట్టినంత మాత్రాన అది సాధారణంగా అతకదు. అందుచేత దాని స్థానంలో క్రొత్త బంధనాన్ని నిర్మిస్తారు. తొడ వెనుక కండరాల స్నాయువును గాని, మోకాలి చిప్ప క్రింది స్నాయువులో నడిమి భాగాన్ని గాని రోగి దేహంనుండే తీసికొంటారు. ఎముకలలో సన్నని సొరంగాలు తొలిచి, ఆ స్నాయువును వానిగుండా లాగి మరలతోనో, బొత్తాము వంటి సాధనాలతోనో బిగిస్తారు. ఆర్థ్రోస్కోపు అనే సన్నని దర్శిని వచ్చినందున ఇదంతయు చిన్న గాట్లతో జరిగిపోతున్నది. కొద్ది రోజులలో రోగి ఇంటికి వెళ్ళవచ్చును.

అసలు పని అప్పుడు మొదలవుతుంది. నాటిన స్నాయువుకు మొదట రక్తప్రసారము ఉండదు. అందులోని కణాలు చాల భాగము నశిస్తాయి. పిమ్మట నెమ్మదిగా క్రొత్త రక్తనాళాలు ప్రవేశించి, క్రొత్త కణాలు చేరి, అది బంధనముగా మారుతుంది. ఈ మార్పు పూర్తియగుటకు ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలము పడుతుంది. శస్త్రచికిత్స జరిగిన రెండు మూడు నెలలకు రోగికి ‘బాగున్నది’ అనిపిస్తుంది. సరిగా ఆ రోజులలోనే లోపలి స్నాయువు బలహీనముగా ఉంటుంది. మొక్క నాటిన వారము ఆకులు పచ్చగానే ఉంటాయి గాని వేరు ఇంకా పట్టి ఉండదు. దీనికీ అట్లే.

అందువలన ఆస్ట్రేలియా క్లబ్బులలో పునరారోగ్య క్రమము ఒక పాఠ్యప్రణాళిక వలె ఉంటుంది. మొదటి పాఠము వాపు తగ్గించుట, మోకాలిని పూర్తిగా చాచగలుగుట, తొడ ముందు కండరాలను మేల్కొలుపుట. రెండవది బలము పెంచుట. కొన్ని నెలల తరువాత తిన్నని పరుగు. ఆపైన గెంతుట, దిగుట, మళ్ళుట. చిట్టచివర తోటివారితో తాకిడి గల సాధన. ఒంటికాలి గెంతులలోను, కండరబలములోను గాయపడిన కాలు రెండవ కాలితో ఇంచుమించు సమానము కానిదే పై తరగతికి అనుమతి లేదు. ఈ చదువుకు 9 నుండి 12 నెలలు పడుతుంది.

నార్వే, అమెరికా దేశాల పరిశోధకులు 2016లో ప్రకటించిన అధ్యయనంలో ఒక విలువైన సంగతి వెల్లడియైనది. శస్త్రచికిత్స తరువాత 9 నెలలు నిండేవరకు, ఆటకు మరలుటలో జరిగిన ఒక్కొక్క నెల ఆలస్యము తిరిగి గాయపడే ప్రమాదాన్ని ఇంచుమించు సగానికి తగ్గించినది. వేచి ఉండుట కూడ ఒక చికిత్సయే అన్నమాట.

దగ్గరి దారులు వెదకినవారు లేకపోలేదు. 2008లో సిడ్నీ జట్టు ఆటగాడు నిక్ మల్‌సెస్కీకి ఫ్రాన్సులో రూపొందిన లార్స్ అనే కృత్రిమ బంధనాన్ని అమర్చినారు. ఆయన ఆ సీజనులోనే మరల ఆడినారు. 2012 ఫైనల్ చివరి నిమిషంలో సిడ్నీ విజయాన్ని ఖాయము చేసిన గోల్ కూడ ఆయనదే. ఆ వార్తలు విని మరికొందరు ఆ దారి పట్టినారు. కాలక్రమంలో కొందరిలో ఆ కృత్రిమ బంధనము తెగుట, కీలులో మంట పుట్టించుట బయటపడి, వైద్యులు జాగ్రత్త పడినారు. మరొక ప్రక్క, కొన్ని మోకాళ్ళలో ఏ.సి.ఎల్. తనంతట తానే అతుకగలదని క్రొత్త పరిశోధనలు సూచిస్తున్నాయి. ఆస్ట్రేలియా వైద్యులే మోకాలిని 90 డిగ్రీల కోణంలో 4 వారాలు పట్టీతో ఉంచి, క్రమంగా 12 వారాలకు విడిచే పద్ధతిని 80 మందిపై పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించినారు. మూడు నెలలకు 90 శాతము మందిలో అతుకు లక్షణాలు ఎమ్.ఆర్.ఐ. చిత్రాలలో కనిపించినవి. దీని దీర్ఘకాల ఫలితాలు ఇంకా తేలవలసి ఉన్నవి. ఏ పద్ధతి అయినను నెలల తరబడి ఓర్పును కోరుతూనే ఉన్నది.

ఓర్పు ఉన్నచోట విజయము తప్పదని చెప్పుట కూడ సత్యదూరము. జీలాంగ్ జట్టు ఆటగాడు డేనియల్ మెంజెల్ 2011లో గాయపడి, 4 శస్త్రచికిత్సల తరువాత 2015లో తిరిగి వచ్చి, 2018 వరకు ఆ జట్టుకు ఆడినారు. సిడ్నీ జట్టు ఆటగాడు అలెక్స్ జాన్సన్ 2012లో విజేత జట్టులో సభ్యుడు. 5 పునర్నిర్మాణ శస్త్రచికిత్సలు చేయించుకొని, దాదాపు 6 సంవత్సరాల తరువాత 2018 ఆగస్టులో మైదానంలో దిగినారు. రెండవ మ్యాచ్‌లోనే మోకాలు మరల దెబ్బతిన్నది. ఈసారి రెండవ కాలిది. ఆయన చేయవలసినదంతా చేసినారు. అయినను ఫలము వేరుగా వచ్చినది. కనుక తిరిగి రాలేకపోయినవారిని పట్టుదల లేనివారని అనుటకు మనకెవ్వరికీ అధికారము లేదు.

నివారణ

ఈ లెక్కలు వ్రాసి ఉంచుట వలన కలిగిన మేలు ఏమి? ఒక ఉదాహరణ చాలును. మైదానము మధ్యన బంతిని నేలకు కొట్టి పైకి లేపగా, ఇరుజట్ల పొడగరులు దూరము నుండి పరుగెత్తి వచ్చి ఎగురుతారు. ఆ ఊపులో మోకాలు మోకాలు ఢీకొని వెనుక బంధనాలు తెగుట పెరిగినదని లెక్కలు చూపినవి. 2005లో 10 మీటర్ల వ్యాసము గల వృత్తము గీచి, ఆ వృత్తము లోపలినుండే పరుగు ప్రారంభించవలెనని నియమము చేసినారు. ఆ గాయాలు తగ్గినవి. నేలపై గీచిన ఒక సున్నపు గీత కొందరి మోకాళ్ళను కాపాడినది.

నేలను గూర్చి కూడ వారు తెలిసికొన్నారు. 1992 నుండి 1999 వరకు గల సీజన్లను పరిశీలించగా, వర్షము తక్కువై నేల ఎండినప్పుడు ఏ.సి.ఎల్. గాయాలు ఎక్కువగా కనిపించినవి. గట్టినేలలో బూటు మరీ బిగువుగా పట్టుకొనుట దీనికి కారణము కావచ్చునని పరిశోధకులు భావించినారు. లోగడ ఏ.సి.ఎల్. శస్త్రచికిత్స జరిగినవారికి ప్రమాదము అధికమని కూడ ఆ పరిశీలనలోనే తేలినది.

2017లో మహిళల లీగు ప్రారంభమైనది. అందులో ఏ.సి.ఎల్. గాయాల రేటు పురుషులకంటె పలురెట్లు అధికముగా ఉన్నది. 2019 ఫైనల్‌లో అడిలైడ్ మైదానమున 53,034 మంది చూచుచుండగా ఎరిన్ ఫిలిప్స్ మోకాలు తెగినది. స్ట్రెచరుపై ఆమెను తీసికొనిపోవుచుండగా జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు. ఆనాటి ఉత్తమ క్రీడాకారిణి ఆమెయే. 2020లో ఆమె తిరిగి వచ్చినారు. 2022లో విజేత జట్టులో మరల నిలిచినారు. స్త్రీల గాయాలకు దేహనిర్మాణమే కారణమని సరిపుచ్చుకొనుట తగదని ఇప్పుడు నిపుణులు అంటున్నారు. చిన్ననాటి నుండి ఎగురుట, దిగుట నేర్పే శిక్షణ, వ్యాయామశాల, మంచి మైదానము బాలురకు దొరికినట్లు బాలికలకు దొరకలేదు. మోకాలు వంచి మెత్తగా దిగుట, ఒంటికాలిపై నిలుకడ, తొడ వెనుక కండరాల వ్యాయామము వంటివి ఆటకు ముందు 15, 20 నిమిషాలు క్రమము తప్పక చేసినచో, స్త్రీలలో ఈ గాయాలు దాదాపు సగానికి తగ్గగలవని పలు పరిశోధనలు చెప్పుచున్నవి. దీనికి ఖరీదైన పరికరాలు అవసరము లేదు.

ఒక పతకము, ఒక ఛాయాచిత్రము

చివరగా ఒక సంఘటన చెప్పి ముగిస్తాము. వెస్టర్న్ బుల్‌డాగ్స్ జట్టు 1954 తరువాత ఒక్కసారి కూడ లీగు గెలువలేదు. బాబ్ మర్ఫీ ఆ జట్టులో 2000 నుండి ఆడి నాయకుడైనారు. 2016 ఏప్రిల్‌లో, 33 ఏళ్ళ వయస్సులో, ఆయన మోకాలు తెగినది. పది సంవత్సరాల క్రితము కూడ ఒకసారి ఆయనకు అదే గాయమైనది. ఆ సంవత్సరమే, అక్టోబరు 1న, ఆయన లేకుండానే జట్టు విజేతయైనది. 62 సంవత్సరాల నిరీక్షణ ముగిసిన ఆ సాయంత్రము శిక్షకుడు ల్యూక్ బెవరిడ్జ్ తనకు ఇచ్చిన పతకాన్ని ధరించి, మర్ఫీని వేదికపైకి పిలిచి, ఆ పతకాన్ని తీసి ఆయన మెడలో వేసినారు. మర్ఫీ దానిని తనవద్ద ఉంచుకొనలేదు. మరుసటి ఏడు తిరిగి ఆడి, ఆ ఏడాది చివరనే విరమించినారు. గాయపడినవాడు కూడ జట్టులోని వాడే అని ఆ శిక్షకుడు ఉపన్యాసము లేకుండానే చెప్పినాడు.

కమిటీ పెద్దలకు మా మనవి మూడు మాటలలో ముగుస్తుంది. పోటీలకు ముందు మన మైదానాన్ని దున్ని, చదును చేయించి, నీరు చల్లించవలెను. ఆట చూపే ఉపాధ్యాయులు విద్యార్థులకు, విద్యార్థినులకు సమానముగా పైన చెప్పిన వ్యాయామాలు నేర్పవలెను. ఆటలో మోకాలు మెలిపడి ఆనాడే వాచినచో, ఎముకల వైద్యుడు పరీక్షించి అనుమతించేవరకు ఆ విద్యార్థిని మైదానంలోకి రానీయరాదు. అతడు ఎంత బ్రతిమాలినను, మావంటి మిత్రులు ఎంత ఉత్సాహపరచినను రానీయరాదు.

ఇక మిత్రులకు ఒక మాట. ఈ సంచికలో మన కబడ్డీ జట్టు ఛాయాచిత్రము అచ్చవుతున్నది. ఉర్దూ విభాగము వారు, తెలుగు విభాగము వారు భుజాలు కలిపి నిలబడినారు. ఆ వరుసలో మా మిత్రుడు లేడు. ఛాయాచిత్రము తీసిననాడు అతడు ఆసుపత్రిలో మోకాలు చాచుట నేర్చుకొంటూ ఉండినాడు. ఛాయాచిత్రము క్రింద వ్రాసే పేర్లలో అతని పేరు కూడ చేర్చవలెనని సంపాదకులను కోరినాము. వారు అంగీకరించినారు.